తొట్టిలో పోసిన బిందెలు

కొలబద్ద కోసం అటక మీద వెతుకుతుంటే మా నాయినమ్మ రేకు డబ్బా చేతికి తగిలింది. ఎప్పుడో బిస్కెట్లు వచ్చిన డబ్బా. మూత మీది బొమ్మ తుప్పులో కలిసిపోయింది. తెరవగానే పాత చింతపండు వాసన, కట్టెపొయ్యి పొగ వాసన కలిసి వచ్చాయి. లోపల మూడు గుడ్డమూటలున్నాయి. మొదటిది విప్పి లెక్కపెట్టాను, యాభై చింతగింజలు. రెండోదానిలో ముప్పై ఎనిమిది, ఒకవైపు బండకు రుద్ది తెల్లగా చేసినవి. మూడోది చిన్న మూట, ఎనిమిది గింజలు. దేన్నైనా మూడుసార్లు లెక్కపెట్టడం నా అలవాటు. మూడుసార్లూ అంతే వచ్చాయి. ఇక నిచ్చెన మెట్టు మీదే కూర్చుండిపోయాను. ఆ అంకెలు నాకు తెలుసు. మూడోదాన్ని మాత్రం ముప్పై ఏళ్ళకు పైగా, అప్పట్లో ఒక్కరికి తప్ప, ఎవరికీ చెప్పలేదు.

కొలబద్ద ఎందుకు కావలసి వచ్చిందో ముందు చెప్పాలి. శంషాబాద్‌లో మేముండే కాలనీలో ముందు బ్లాకులో ఇరవై నాలుగు ఫ్లాట్లు, వెనక వరసలో పన్నెండు గదులు ఉన్నాయి. వెనక గదుల్లో కిరాయికి ఉండేవాళ్ళంతా విమానాశ్రయంలో ఊడ్చేవాళ్ళు, సామాన్లు ఎత్తేవాళ్ళు, బండ్లు నడిపేవాళ్ళు. ఈ ఎండాకాలం బోర్లు ఎండిపోయి ట్యాంకర్ల మీద బతుకుతున్నాం. వచ్చిన నీళ్ళలో సగం వెనక గదులవాళ్ళే వాడేస్తున్నారని, గదులు ఖాళీ చేయించాలని ముందు బ్లాకులో మాట పుట్టింది. సంఘం అధ్యక్షుడు మూర్తిగారు కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మనిషి, మర్యాదస్తుడు. ఆయనే మా ఇంటికి వచ్చి, "మీరు లెక్కల్లో గట్టివారు కదమ్మా, పదిహేను రోజులు ట్యాంకులు కొలిచి పెట్టండి, ఆదివారం మీటింగులో చదువుదాం" అన్నారు. నేను ఏడో తరగతి దాటలేదు. కానీ మా ఆయన మేస్త్రీ. గోడకు ఎన్ని ఇటుకలు, స్లాబుకు ఎంత ఇసుక, ఏ గదికి ఎంత ఇనుము అన్నది ఇరవై ఏళ్ళుగా నేనే వేసి ఇస్తున్నాను. లెక్క చేయమంటే నాకు సంతోషం. అందరి ముందు చదవమంటే వెనక్కి తగ్గుతాను. ఎందుకో ఆ డబ్బా చూశాక గుర్తొచ్చింది.

మా ఊరు మంఖాల్‌కు అవతల. ఎండాకాలం పొద్దున్నే పహాడీ షరీఫ్ గుట్ట వైపు నుంచి మసక వెలుతురు వచ్చేసరికే బోరింగు చప్పుడు మొదలయ్యేది. బోరింగు ఊరి నడుమ ఉండేది. దానికి పైన ఉన్నది మీది గల్లీ, కింద ఉన్నది కింది గల్లీ. మేము కింది గల్లీ. ఆ చుట్టూ ఎప్పుడూ తడి మట్టి వాసన, ఇత్తడిని తోమిన బూడిద వాసన. మనుషులు లైన్లో నిలబడేవాళ్ళు కాదు, బిందెలు నిలబడేవి. ఖాళీ బిందె వరసలో పెట్టి ఇంటికి పోయి పొయ్యి అంటించుకోవచ్చు, పిల్లకు జడ వేయొచ్చు. ఆ బిందెను ఎవరూ జరపరు. మీది గల్లీది ఒక బిందె, కింది గల్లీది ఒక బిందె, మళ్ళీ మీదిది, మళ్ళీ కిందిది. అది ఊరి కట్టు. ఆ ఏడు బోరింగు సన్నబడింది. మీది గల్లీవాళ్ళు అప్పుడప్పుడు ఒక వంతులో రెండు బిందెలు పెట్టడం మొదలుపెట్టారు. పొద్దున నుంచి ఎండ నడినెత్తికి వచ్చేదాకా కొడితే తొంభై ఆరు బిందెలు, అంతే. తర్వాత గాలే వచ్చేది.

మా నాయినమ్మకు మోకాళ్ళ నొప్పులు. బోరింగు ఎదురుగా మా అరుగు మీద కాళ్ళు చాపి కూర్చుని, కొడవలి బోర్లించి దాని మీద చింతపండు గింజలు తీసేది. ముక్కుపొడి పీల్చి, రెండు తుమ్ములు తుమ్మి, మళ్ళీ పని. ఎవరు వచ్చారో ఎవరు పోయారో తలెత్తకుండానే చెప్పేది, బిందె చప్పుడును బట్టి. నాకు కూడికలు నేర్పింది ఆమె, ఆ గింజలతోనే. మా ఇంట్లో రెండో బిందె నిండని రోజులు ఎక్కువైపోయాయి. ఒకరోజు అమ్మ తలస్నానం చేయక పదిహేను రోజులైందని తల గోక్కుంటూ ఏడ్చింది. ఆ మర్నాడే నేను లెక్క మొదలుపెట్టాను. మీది గల్లీ బిందె నిండితే ఒక నల్లగింజ, మాది నిండితే ఒక తెల్లగింజ. నేను ఒంటిపూట బడికి పోయాక నాయినమ్మ వేసేది. తొమ్మిది రోజులు చేశాం. ఒకటి అటూ ఇటుగా రోజూ ఒకటే లెక్క. మీది గల్లీకి యాభై ఎనిమిది, మాకు ముప్పై ఎనిమిది.

నేనెక్కడ పొరపాటు పడ్డానో అప్పుడు నాకు తెలియదు. గింజలు సరిగ్గానే వేశాను. కూడిక సరిగ్గానే వచ్చింది. ఇరవై బిందెల తేడా. నాకు గర్వంగా ఉండింది.

మా గల్లీలో సత్తన్న అని ఒకాయన ఉండేవాడు. ఆ ఏడు సర్పంచ్‌గా నిలబడాలని తిరుగుతున్నాడు. నేను లెక్క చేస్తున్నానని ఎవరు చెప్పారో, మా అరుగు మీదికి వచ్చి గింజలు రెండు చేతులా ఎత్తి చూశాడు. "అవ్వా, నీ మనవరాలు తహసీల్దారు కంటే నయముంది" అన్నాడు. నాయినమ్మ కొడవలి మీదినుంచి చూపు తిప్పలేదు. "తహసీల్దారుకు ఇంత చింతపండు ఒలవరాదు" అంది. ఆ మర్నాడు ఊరి మీటింగు, బడి ముందు. సత్తన్న నన్ను గద్దె మీద నిలబెట్టాడు. తొమ్మిది రోజుల లెక్క చదివాను.  చదవడం అయ్యాక లేచిన గోల గుర్తుంది. మా గల్లీవాళ్ళు తిన్నగా బోరింగు దగ్గరికి పోయి వరసలోంచి మీది గల్లీ బిందెలు తీసి పక్కకు విసిరేశారు. ఇత్తడి బిందెలు బండలకు తగిలి సొట్టలు పడ్డాయి. బిందెను జరపకూడదన్న కట్టు అంతకు ముందు ఎవరూ తెంచలేదు.

మీది గల్లీ పెద్దమనిషి మల్లేశం మా బాపు దగ్గరికి వచ్చాడు. ఆయన చేను మా బాపు పాలుకు చేసేవాడు. అరవలేదు. కండువా సర్దుకుని, "ఏందిరా యాదగిరీ, ఆడపిల్లతోని రాజకీయం జేపిస్తున్నవ్" అన్నాడు.

"రాజకీయం గాదు పటేలా, పోరి గింజలు లెక్కవెట్టింది, అంతే."

"నీళ్ళను రాజకీయం జేసినోనికి నా చేను ఎట్ల ఇయ్యాలె, నువ్వే చెప్పు."

బాపు ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చుని కలపకుండా చూస్తూ ఉండిపోయాడు. ఆ చేను పోతే మాకు వేరే ఆధారం లేదు. నేను ఏం చేశానో నాకు అర్థం కాలేదు. బిందెలు లెక్కపెట్టాను. దాన్ని ఆయన రాజకీయం అన్నాడు. ఆ మాట వినగానే మా బాపు అడగాలనుకున్నదంతా అడగకుండానే తిరిగొచ్చేశాడు.

ఆ మాటను అప్పటినుంచి వింటూ వస్తున్నాను, గోడకు ఇటుకలు చూసినట్టు చూస్తూ వస్తున్నాను. తోడికోడలు అత్త చెవిలో ఏదైనా ఊదితే ఇంట్లో రాజకీయం చేసింది అంటారు. పని దగ్గర ఇద్దరు కూలీలు నీడ కోసం షెడ్డు వేయమంటే, పనిని రాజకీయం చేస్తున్నారంటారు. లారీ గుద్ది మనిషి పోతే, న్యాయం చేయమని రోడ్డు మీద కూర్చున్నవాళ్ళతో చావును రాజకీయం చేయకండి అంటారు. టీవీలో ఒకరినొకరు అదే అనుకుంటారు. ఒకరి కష్టాన్ని పట్టుకుని తన పని చక్కబెట్టుకునేవాడు చేసేది రాజకీయమే. ఒకరి కష్టం ఒక్కరిదే కాదని పదిమంది ముందు పెట్టేవాడు చేసేదానికీ అదే పేరు. ఈ రెండు పనులనూ విడదీయకుండా ఒకే మాటతో కొట్టేస్తారు. నేను విన్నంతలో తన గురించి తాను ఆ మాట అనుకున్నవాళ్ళు ఒక్కరూ లేరు. ఎక్కువసార్లు అది బిందె నిండినవాళ్ళు ఖాళీ బిందెవాళ్ళతో అన్న మాట. ఎక్కువసార్లు అంటున్నాను, అన్నిసార్లూ అనడం లేదు. సత్తన్నను చూశాను కాబట్టి అనలేను.

మల్లేశం వచ్చి పోయిన రోజు సాయంత్రం మా బర్రెను తోలుకుని నీళ్ళకు బయల్దేరాను. రోజూ చేసే పనే. మీది గల్లీ మొదట్లో రాతి తొట్టి ఉండేది. ఊళ్ళో బర్లు, ఎడ్లు, మేకలు అన్నీ అక్కడే తాగేవి. గడప దాటుతుంటే నాయినమ్మ పిలిచింది.

"యాడికి తోల్కపోతున్నవ్ బిడ్డా?"

"తొట్టి కాడికి."

"ఆ తొట్ల నీళ్ళు ఎవలు వోస్తరు?"

నేను ఆగిపోయాను. మల్లేశం భార్య బాలమణి పోస్తుంది. బోరింగు కాడ బిందె నింపుకుని, ఇంటికి పోయే దారిలో తొట్టిలో కుమ్మరించి, మళ్ళీ వచ్చి వరసలో పెడుతుంది. నేను రోజూ చూసేదాన్నే. ఆమె నింపిన ప్రతి బిందెకూ నల్లగింజ వేశాను. మా బర్రె తాగిన నీళ్ళను మీది గల్లీ తాగినట్టు రాశాను.

"ఎన్ని నాయినమ్మా?"

"ఎన్మిది. నువ్వు అడుగుతవని చూసిన. అడగకపోతివి." ముక్కుపొడి చేతిలో పెట్టుకుని పీల్చకుండా అలాగే ఉండిపోయింది. "నాది గూడ తప్పే. జర ముందే చెప్పాలె. నిన్ను గద్దెనెక్కిస్తడని నాకేం ఎరుక."

యాభై ఎనిమిదిలోంచి ఎనిమిది తీస్తే యాభై. మాకు ముప్పై ఎనిమిది. తేడా ఇరవై కాదు, పన్నెండు. అన్యాయం ఉంది, కానీ నేను చదివినంత లేదు. బర్రెను కట్టేసి సత్తన్న ఇంటికి పరుగెత్తాను. ఆయన గడ్డం గీసుకుంటున్నాడు. చెప్పింది అంతా విన్నాడు. "మంచిగ జూసినవ్ బిడ్డా" అన్నాడు. "గని ఇప్పుడు ఆ ఎన్మిది పక్కకు వెట్టు. మనం ఇరవై అన్నంక పన్నెండు అంటే మనల్ని ఎవలు నమ్ముతరు? గెలిచినంక రెండో బోరింగు ఏపిస్త. అప్పుడు నీ లెక్కతోని పనే ఉండదు." అద్దంలో చూస్తూనే చెప్పాడు. నేను తలూపి వచ్చేశాను. మల్లేశానికి తొట్టి సంగతి తెలుసు. ఆయనైనా ఆ ఎనిమిది బిందెలు తన ఇంటివాళ్ళు తొట్టిలో పోసినవని ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. చెబితే మిగతా పన్నెండు గురించి అడుగుతారు. అందుకని రాజకీయం అన్నాడు. సత్తన్న ఆ ఎనిమిదిని దాచాడు, మల్లేశం ఆ పన్నెండును దాచాడు. వాళ్ళిద్దరికీ నడుమ నా గింజలున్నాయి.

బాలమణి తొట్టిలో నీళ్ళు పోయడం మానేసింది. రెండు రోజులకు తొట్టి అడుగున పాకుడు ఎండి పెచ్చులు లేచింది. బర్లను చెరువు మడుగుదాకా తోలాల్సి వచ్చింది, రెండు మైళ్ళు. మా బర్రె పాలు తగ్గించి, చివరికి ఆపేసింది. చేను మాత్రం పోలేదు. బాపు మల్లేశం ఇంటికి పోయి ఏం చెప్పుకున్నాడో మాకు చెప్పలేదు. నన్ను బడి మాన్పించింది ఆ ఏడే. కారణం అది కాదని అందరూ అన్నారు, నేనూ అడగలేదు. సత్తన్న ఓడిపోయాడు. రెండో బోరింగు రాలేదు. ఊరు తిరిగి ఒకటొకటి బిందెల లెక్కకు వచ్చింది, కానీ ఖాళీ బిందెను ఒంటరిగా వదిలి ఇంటికి పోయేవాళ్ళు తగ్గిపోయారు. పక్కనే నిలబడేవాళ్ళు.

ఆ ఊళ్ళో ఇప్పుడు సగం ప్లాట్లు. తొట్టి ఉన్నచోట సిమెంటు రోడ్డు. ఇక్కడ మా కాలనీలో బిందె వరసలు లేవు, మోటారు వేస్తే నీళ్ళు పైకి ఎక్కుతాయి. ఎవరు ఎన్ని వాడారో ఎవరికీ కనబడదు, అందుకే ఎవరి మీద ఏమైనా అనొచ్చు. పదిహేను రోజులు రెండు బ్లాకుల ట్యాంకుల్లో పొద్దున, సాయంత్రం బద్ద దించి కొలిచాను. బకెట్లలోకి మార్చాను. ముందు బ్లాకులో ఎనభై ముగ్గురు, మనిషికి రోజుకు తొమ్మిది బకెట్లు. వెనక నలభై ఒక్కమంది, మనిషికి ఆరు. మొత్తం మీద వెనకవాళ్ళ వాటా సగం కాదు, పావు. శుక్రవారం కాగితం మూర్తిగారికి చూపించాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారు. "చూడండమ్మా, మనం అనుకున్నది మొత్తం వాడకం. ఈ మనిషికి ఇంత అనే లెక్క తీసుకొస్తే ఓనర్లకూ కిరాయివాళ్ళకూ మధ్య గొడవ అవుతుంది. నీళ్ళ సమస్యను రాజకీయం చేయొద్దండి" అన్నారు. చాలా మెత్తగా అన్నారు. కాగితం మడిచి తీసుకుని వచ్చేశాను. ఆ డబ్బా దొరికింది ఆ సాయంత్రమే, మరోసారి కొలిచి సరిచూద్దామంటే బద్ద విరిగిపోయి ఇంకొకటి వెతుకుతున్నప్పుడు.

మూడో మూట చూశాక నన్ను పట్టుకున్న భయం మూర్తిగారి గురించి కాదు. ఈసారి నా తొట్టి ఎక్కడుంది అన్నదే నా భయం. శనివారం పొద్దున వెనక పన్నెండు గదులకూ పోయి, ఒక్కొక్క గడప దగ్గరా ఎవరెవరు ఉంటారు, నీళ్ళు దేనికి వాడతారు అని అడిగాను. ముందు బ్లాకులోనూ అడిగాను. ఇద్దరు తలుపు తీయలేదు. తొమ్మిదో గదిలో రేణుక ఉంటుంది, విమానాశ్రయంలో ఊడ్చే పని, మొగుడు లేడు, ఇద్దరు పిల్లలు. ఆమె గది వెనక తీగ మీద ఒకే రంగు చొక్కాలు పదిహేడు ఆరేసి ఉన్నాయి. తోటి పనివాళ్ళ యూనిఫారాలు తెచ్చి ఉతికి ఇస్తోంది. రోజుకు ఇరవై బకెట్లు.

"అక్కా, అది జెప్పకు" అంది. "గదే పట్టుకుంటరు. నన్నే ముందు వెళ్ళగొడ్తరు. ఇస్కూలు మొదలైతది, ఇప్పుడు యాడికి పోవాలె నేను?"

"చెప్పకపోతే, ఎవరైనా ఆ తీగ చూస్తే నా లెక్క మొత్తం అబద్ధం అంటారు రేణుకా. ఆ ఇరవై కలిపినా మీది ఆరే. తీసేస్తే ఐదున్నర. ఎట్ల చూసినా తక్కువే."

"నీకు లెక్క ముఖ్యం అక్కా. నాకు గది ముఖ్యం." గిన్నె బోర్లించినట్టు తలుపు వేసేసింది.

నాకు రాత్రి అన్నం సయించలేదు. సత్తన్న అద్దం ముందు అన్న మాట, రేణుక గడపలో అన్న మాట ఒకటేనా అని ఆలోచించాను. కాదు. ఆయనకు కావలసింది పదవి, ఈమెకు కావలసింది తలదాచుకునే చోటు. అయినా ఆ అంకెను దాచిపెడితే నేను మళ్ళీ గద్దె మీది పిల్లనే.

ఆదివారం సెల్లారులో, బండ్ల నడుమ కుర్చీలు వేశారు. కాగితం చదివాను. మనుషుల సంఖ్య, బకెట్లు, ముందు బ్లాకులో కార్లు కడిగే నీళ్ళు, రేణుక యూనిఫారాల ఇరవై బకెట్లు, తలుపు తీయని రెండు ఇళ్ళు, అన్నీ చదివాను. రేణుక స్తంభం పక్కన నిలబడి నా వైపు చూడలేదు. వెనకనుంచి ఎవరో, "ఇదంతా రాజకీయం" అన్నారు. మూర్తిగారు చేయి ఎత్తి ఆపబోయారు. నేను అడిగాను: "కావచ్చు సార్. ఏ అంకె తప్పో చెప్పండి, ఇక్కడే కొట్టేస్తా."  ఎవరూ చెప్పలేదు. చెప్పడానికి ఒక్కటి ఉండింది, దాన్ని నేనే చెప్పేశాను. చివరికి రెండు బ్లాకులకూ మీటర్లు పెట్టి నెల చూద్దామని, అప్పటిదాకా ఎవరినీ ఖాళీ చేయించవద్దని మూర్తిగారు రాయించారు. నెల తర్వాత ఏమవుతుందో నాకు తెలియదు. బయటికి వస్తూ రేణుక, "ఈ నెలంత ఒక్కొక్క చొక్కా భయపడుకుంట పిండాలె అక్కా" అంది. కానీ అక్కా అనే అంది.

ఆ మధ్యాహ్నమే బస్సెక్కి అత్తాపూర్ పోయాను. బాలమణి కూతురి దగ్గర ఉంటుందని తెలుసు. ఫోన్లో ఎక్స్‌ప్రెస్‌వే స్తంభం నంబరు చెప్పి, అక్కడ దిగమంది కూతురు. మల్లేశం పోయి చాలా ఏళ్ళైంది. బాలమణి మంచం మీద కూర్చుని ఉంది, జుట్టు పూర్తిగా తెల్లబడింది. యాదగిరి బిడ్డనంటే గుర్తుపట్టింది. మూడు మూటలూ మంచం మీద పెట్టి, గద్దె మీద నేను చదవని సంగతి చెప్పాను. తొట్టిలో పోసిన ఎనిమిది బిందెలు మీ గల్లీ మీద వేశానని, తెలిశాక కూడా చెప్పలేదని.

ఆమె మూడో మూట విప్పి గింజలు చేత్తో కదిపింది. "ఎన్మిది గాదు బిడ్డా" అంది. "తొమ్మిది. మీ బర్రె ఎప్పుడు ఆఖరికే వచ్చేది. అప్పటికి తొట్ల అడుగున ఇంత బురద మిగిలేది. పాపమని, బోరింగు కాడ నింపి మా ఇంట్ల వెట్టుకున్న బిందె తెచ్చి ఇంకోటి వోసేదాన్ని. నువ్వు ఎన్నడు జూడలె, బర్రె కొమ్ములు లెక్కవెట్టుకుంట నిలవడేదానివి."

యాభై గింజల మూట విప్పి, ఒకటి తీసి, తొమ్మిదోదిగా వేశాను. మళ్ళీ మూడుసార్లు లెక్కపెట్టాను. ఆమె మూట ముడి వేసి నా చేతిలో పెట్టి, కూతురిని నీళ్ళు తెమ్మంది.